అమెరికా కాలేజీల్లో రద్దయింది రిజర్వేషనేనా?

సందేహం: మేం అమెరికాలో, నార్త్ కరోలినాలో ఉంటాం. ఇక్కడి తెలుగు సంఘం పత్రికకు, కాలేజీ అడ్మిషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ఒక వ్యాసం రాశాను. అందులో 'కాలేజీ సీట్లలో జాతి రిజర్వేషన్లను కోర్టు రద్దు చేసింది, ఇక సీట్లన్నీ ప్రతిభకే' అని ఉంది. 'ఇక్కడ రిజర్వేషన్లు ఉంటే కదా రద్దు చేయడానికి!' అని ఒక స్నేహితురాలు అడ్డుపడింది. ఇంకొకరు 'జాతి' తీసేసి 'వర్ణం' పెట్టమన్నారు. ఏది సరైనది? ఇలా జాతిని చూసి అవకాశమిచ్చే 'అఫర్మేటివ్ యాక్షన్‌'ని తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీ స్నేహితురాలు చెప్పిందే నిజం. అది ఉత్త మాట పట్టింపు అనుకోకండి. ఆ వాక్యాన్ని గుంటూరులోనో వరంగల్లోనో చదివినవాళ్లు జరగనిది జరిగిందనుకుంటారు.

రిజర్వేషన్ అనగానే తెలుగువాళ్ల మనసులో మెదిలేది ఒకటే. మొత్తం సీట్లలో ఇన్ని శాతం అని విడిగా పెడతారు. వాటికి కటాఫ్ వేరు, కౌన్సెలింగ్‌లో పిలుపు వేరు. అలాంటి ఏర్పాటు అమెరికాలోనూ ఒకప్పుడు ఉంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మెడికల్ కాలేజీలో 100 సీట్లకు 16 సీట్లు అల్పసంఖ్యాక వర్గాల వారికని పక్కన పెట్టేవారు. ఆలన్ బాకీ అనే తెల్లజాతి అభ్యర్థి సీటు రాక కోర్టుకెక్కాడు. 1978లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదని చెప్పి, అతన్ని చేర్చుకోమంది. అంటే, మనం రిజర్వేషన్ అనేది అక్కడ పోయి 2023 నాటికే 45 ఏళ్లయింది.

మరి 2023 దాకా మిగిలిందేమిటి? బాకీ కేసులోనే జస్టిస్ పావెల్ ఒక దారి వదిలారు. విద్యార్థిని ఎంచుకునేటప్పుడు చూసే అనేక విషయాల్లో జాతిని కూడా ఒకటిగా చూడొచ్చన్నారు. ఎంతవరకు చూడొచ్చన్నదే ఆ తర్వాతి తగవు. మిషిగన్ విశ్వవిద్యాలయం డిగ్రీ ప్రవేశాలకు 150 పాయింట్ల పట్టిక పెట్టుకుంది. 100 వస్తే సీటు ఖాయం. నల్లజాతి, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న), స్థానిక అమెరికన్ విద్యార్థులకు 20 పాయింట్లు కలిసేవి. కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నా కలిసేవి 12 పాయింట్లే. 2003లో సుప్రీంకోర్టు ఈ పట్టికను కొట్టేసింది. అదే రోజు, అదే విశ్వవిద్యాలయపు లా కాలేజీ పద్ధతిని మాత్రం ఒప్పుకుంది. అక్కడ పాయింట్లు లేవు, ఒక్కో దరఖాస్తునూ మొత్తంగా చదివి తేల్చేవారు. ఇంకో 25 ఏళ్లకు ఈ అవసరం ఉండదని ఆశిస్తున్నామని ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓకానర్ అన్నారు.

2023 తీర్పుకు దారితీసిన హార్వర్డ్ విశ్వవిద్యాలయం కేసు నడిచింది ఈ 'మొత్తంగా చూసే' పద్ధతి మీద. చదువు, ఇతర కార్యక్రమాలు, ఆటలు, వ్యక్తిత్వం ఇలా ఒక్కోదానికీ అక్కడ రేటింగ్ వేస్తారు. ఆ వ్యక్తిత్వ రేటింగ్‌లో ఆసియా సంతతి పిల్లలకు తక్కువ పడుతోందన్నది దావా వేసినవారి ప్రధాన ఆరోపణ. హార్వర్డ్ తప్పు చేయలేదని 2019లో కింది కోర్టు చెప్పింది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. హార్వర్డ్‌తో పాటు మీ రాష్ట్రపు నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పద్ధతి కూడా, 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన సమాన రక్షణకు విరుద్ధమని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. జస్టిస్ సోటోమేయర్, జస్టిస్ జాక్సన్ గట్టిగా విభేదించారు. ఈ 2023 కథలో విడిగా పెట్టిన సీటు ఒక్కటైనా లేదు. లేనిదాన్ని రద్దు చేశారని ఎలా రాస్తాం?

మనకు రిజర్వేషన్ అనే మాట నోటికి ముందుగా ఎందుకొస్తుందో అర్థం చేసుకోగలను. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కమ్యూనల్ జీవో అనే ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం కాలేజీల్లో ప్రతి 14 సీట్లనూ కులమతాల వారీగా పంచేవారు: బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో మన సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అయితే కథ అక్కడితో ఆగలేదు. అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) అధికరణం వచ్చింది. వెనుకబడిన వర్గాల అభ్యున్నతికి ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని రాజ్యాంగమే చెప్పింది. అమెరికాలో అలాంటి వాక్యం రాజ్యాంగంలోకి రాలేదు. రెండు దేశాల దారులు విడిపోయింది ఇక్కడే. ఒకే మాటతో రెండింటినీ కట్టేస్తే ఈ తేడా కనబడకుండా పోతుంది. పైగా మీ దగ్గర పుట్టి పెరిగిన పిల్లలకు రిజర్వేషన్ అంటే స్థానిక అమెరికన్ తెగల ప్రాంతాలే గుర్తొస్తాయి. అమ్మానాన్నలొకటి అంటే పిల్లలింకొకటి వింటారు.

ఇక అఫర్మేటివ్ యాక్షన్‌కు తెలుగు. 'నిశ్చయాత్మక చర్య' అని కొందరు రాస్తారు. అది అక్షరానికి అక్షరం పెట్టడం, చదివేవాళ్లకు ఏమీ అందదు. పైగా తెలుగులో ఒకరిపై 'చర్య తీసుకున్నారు' అంటే శిక్ష వేశారనే. 'సానుకూల వివక్ష' ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. దానికి నేను ఒప్పుకోను. అది వివక్ష అవునా కాదా అన్నదే కోర్టులో తగవు. పేరులోనే వివక్ష అనేస్తే వాదన మొదలవకముందే ఒక పక్షానికి తీర్పు ఇచ్చేసినట్టు. (సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలన్న కోరిక. తెలుగులో తేడా చూపడం అన్న అర్థమే స్థిరపడింది కాబట్టి ఆ మూలార్థం మనల్ని కాపాడదు.) తమాషా ఏమిటంటే, ఆ ఇంగ్లిషు మాట అర్థం కూడా ఉన్నచోట ఉండలేదు. 1961లో అధ్యక్షుడు కెన్నెడీ ఇచ్చిన ఉత్తర్వులో దాని అర్థం, జాతి, మతం, రంగు చూడకుండా ఉద్యోగాలిచ్చేలా ప్రభుత్వ కాంట్రాక్టర్లు పనిగట్టుకుని జాగ్రత్తపడాలని. తర్వాత్తర్వాత జాతిని లెక్కలోకి తీసుకుని అవకాశమివ్వడం అనే అర్థంలోకి వచ్చింది. ఇలా కదిలే మాటకు ఒక సంస్కృత సమాసాన్ని తొడగడం కంటే, పేరుగా చెప్పాల్సినప్పుడు 'అఫర్మేటివ్ యాక్షన్' అని తెలుగు లిపిలోనే రాసి, మొదటిసారి 'వెనుకబడిన జాతుల వారికి ప్రవేశాల్లో దక్కే మొగ్గు' అని వివరించండి. మిగతా చోట్ల పేరు అక్కర్లేదు, క్రియ చాలు: 'జాతిని లెక్కలోకి తీసుకోవడం'. తెలుగు క్రియలతోనే నడుస్తుంది.

జాతా, వర్ణమా? జాతే. తెలుగు జాతి, జాతీయ గీతం, జాతిపిత, స్త్రీ జాతి... ఈ మాట చాలా బరువులు మోస్తోంది, నిజమే. కొన్నిచోట్ల కులమనే అర్థమూ ఇస్తుంది. అయినా నల్లజాతీయులు, జాతి వివక్ష అన్నవి అందరికీ తెలిసినవే. మన రాజ్యాంగం 15వ అధికరణం కూడా జాతిని, కులాన్ని వేర్వేరుగానే చెబుతుంది. దక్షిణాఫ్రికా సంగతికి వర్ణవివక్ష సరిపోయింది, అక్కడ పాలకులు ముఖ్యంగా పట్టుకున్నది రంగును. అమెరికా దరఖాస్తులో ఆసియన్, హిస్పానిక్ అన్న గడులు రంగులు కావు. వర్ణమంటే మనవాళ్లకు చాతుర్వర్ణ్యమూ గుర్తొస్తుంది.

'ఇక సీట్లన్నీ ప్రతిభకే' అన్నదాన్ని కూడా తీసేయమంటాను. పూర్వ విద్యార్థుల పిల్లలకు, ఆటగాళ్లకు ఉన్న మొగ్గు జోలికి ఈ తీర్పు పోలేదు. సైనిక అకాడమీల సంగతి తేల్చలేదు. మన దగ్గర ఓపెన్ కాంపిటీషన్ అంటే అందరూ పోటీపడే సీట్లే అయినా, రోజువారీ మాటల్లో 'ఓసీలు' అని కొన్ని కులాలకు పేరైపోయింది. ప్రతిభ అనే మాట కూడా అలాగే ఒకరి సొత్తయిపోతోంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలు ఏటా ఆ సీట్లు గెలుస్తూనే ఉన్నారు. ఈ వాడుక వాళ్లను నొప్పిస్తుంది, తప్పు కూడా.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: 'కాలేజీలు సీట్లిచ్చేటప్పుడు విద్యార్థి జాతిని బట్టి మొగ్గు చూపకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.' ఇందులో 'మొగ్గు చూపకూడదు' అన్నదే ముఖ్యం. 'జాతి ప్రస్తావనే కూడదు' అని మాత్రం రాయకండి. తన జాతి వల్ల ఎదురైన కష్టం గురించో, దొరికిన స్ఫూర్తి గురించో విద్యార్థి వ్యాసంలో రాస్తే, దాన్ని ఆ విద్యార్థి ధైర్యానికీ పట్టుదలకూ ముడిపెట్టి కాలేజీ చదవొచ్చని అదే తీర్పులో ఉంది. ఈ ఏడాది దరఖాస్తులు నింపే పిల్లలున్న ఇళ్లలో మీ పత్రిక చదువుతారు కాబట్టి, ఆ ముక్క కూడా వ్యాసంలో చేర్చండి.