కోల్ పోర్టర్ పాటలతో జాజ్ ఆల్బమ్ చేస్తే ఎవరి పర్మిషన్ కావాలి?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. హైదరాబాద్‌లో జాజ్ పాడతాను. మొత్తం అమెరికన్ పాటల రచయిత కోల్ పోర్టర్ పాటలతోనే ఎనిమిది ట్రాకుల ఆల్బమ్ చేస్తున్నా. స్పాటిఫైలో పెడదామని, డాలస్‌లో మా అన్నయ్య 300 సీడీలు వేయించి అక్కడ అమ్ముతానంటున్నాడు. ఒక పాటకి తెలుగు చరణం కూడా రాసుకున్నా. జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ పాడినవే కదా, 70 ఏళ్లు అయిపోయాయి, ఎవరూ అడగరు అంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా?

జవాబు: సగం నిజం అమ్మా, కానీ వాళ్లు చెప్పిన కారణం తప్పు. ఎల్లా పోర్టర్ పాటలతో డబుల్ ఎల్పీ (రెండు రికార్డుల ఆల్బమ్) చేసింది 1956లో, కానీ పాట హక్కుకి ఆ రికార్డు వయసుతో పనిలేదు. మన కాపీరైట్ చట్టంలో పాట రాసినవాళ్లు పోయిన ఏడాది అయ్యాక మరో 60 ఏళ్లు లెక్కపెట్టాలి. పోర్టర్ పోయింది 1964 అక్టోబర్‌లో, కాబట్టి 2024 డిసెంబర్ 31తో ఇండియాలో హక్కు అయిపోయింది, పైగా ఆయన మాట, ట్యూన్ రెండూ తనే రాసుకునేవాడు కాబట్టి రెండూ ఒకేసారి వచ్చేశాయి. అందరికీ ఇలా కుదరదు. రేపు మీరు గెర్ష్విన్ అన్నదమ్ముల పాటల ఆల్బమ్ అనుకున్నారనుకోండి, ట్యూన్ కట్టిన జార్జ్ 1937లోనే పోయాడు, మాటలు రాసిన అన్న ఐరా మాత్రం 1983 దాకా ఉన్నాడు, అంటే ఇక్కడ ట్యూన్ ఎప్పుడో ఫ్రీ అయిపోయినా ఐరా రాసిన మాటలు 2043 చివరిదాకా లాక్. అప్పుడు కవర్ వెర్షన్ల (వేరేవాళ్ల పాటని మళ్లీ పాడి రికార్డ్ చేయడం) సెక్షన్ 31సి పట్టుకోవాలి, అందులో ఒక్కో పాటకి ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టమంటుంది. 300 సీడీలు వేసుకునేవాళ్లకి అది అయ్యే పనేనా చెప్పండి.

సో ఇక్కడ రికార్డ్ చేయడానికి, హైదరాబాద్‌లో స్టేజీ మీద పాడటానికి మీకు పర్మిషన్ అక్కర్లేదు. ఇబ్బంది డాలస్ దగ్గర మొదలవుతుంది. అమెరికాలో ఈ పాత పాటలకి రచయిత పోయిన ఏడాది లెక్క కాదు, పాట పబ్లిష్ అయిన ఏడాది నుంచి 95 ఏళ్లు. 1929 నాటి 'వాట్ ఈజ్ దిస్ థింగ్ కాల్డ్ లవ్' అక్కడ 2025 జనవరి 1న ఫ్రీ అయింది, 1930 నాటి 'లవ్ ఫర్ సేల్' 2026 జనవరి 1న. కానీ 'నైట్ అండ్ డే' 1932ది, అది 2028 జనవరి దాకా ఆగాలి, 1936 నాటి 'ఐ హావ్ గాట్ యూ అండర్ మై స్కిన్' 2032 దాకా. అందుకే ముందు ఎనిమిది పాటలూ ఒక కాగితం మీద రాసి పక్కన పబ్లిష్ అయిన ఏడాది వేసుకోండి.

ఫ్రీ కాని పాటలైనా భయపడక్కర్లేదు. ఒకసారి రిలీజైన పాటని వేరేవాళ్లు పాడుకోవడానికి అమెరికా చట్టంలో సెక్షన్ 115 ఉంది, నోటీస్ ఇచ్చి నిర్ణయించిన రేటు కడితే పబ్లిషర్ కాదనలేడు. 2025 రేటు ఐదు నిమిషాల లోపు పాటకి సీడీకి 12.7 సెంట్లు, అంటే 300 సీడీలకి పాటకి 38 డాలర్ల 10 సెంట్లు. ఐదు దాటితే నిమిషానికి 2.45 సెంట్లు, స్కాట్ సోలో (మాటల్లేకుండా గొంతుతో చేసే ఆలాపన) పెట్టి ఏడు నిమిషాలు లాగితే 17.15 సెంట్లు అవుతుంది. రేటు ఏటా మారుతుంది, వేయించే ఏడాదిది చూడమనండి. సీడీలు అమ్మకముందే నోటీస్ వెళ్లాలని అన్నయ్యకి గట్టిగా చెప్పండి, ఒకసారి అమ్మేశాక ఆ లైసెన్స్ మార్గం దొరకదు.

స్పాటిఫైకి అమెరికా వరకు ఆ రాయల్టీ 2021 నుంచి స్ట్రీమింగ్ కంపెనీలే కడుతున్నాయి. మీరు చేయాల్సింది అప్‌లోడ్ ఫారంలో కంపోజర్, లిరిసిస్ట్ రెండు గళ్లలోనూ కోల్ పోర్టర్ పేరు వేయడం. అక్కడ 'ట్రెడిషనల్' అనో మీ పేరో పెట్టారంటే డబ్బు వేరే దారి పడుతుంది, తర్వాత ట్రాక్ తీసేయమని నోటీస్ మీకొస్తుంది.

ఇక తెలుగు చరణం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే, దాన్ని వదులుకోవద్దు. కానీ సెక్షన్ 115 మీ స్టైల్‌కి తగ్గట్టు పాడుకోనిస్తుందే గానీ మాటలు మార్చనివ్వదు, అనువాదానికి పబ్లిషర్ ఒప్పుకోవాలి. అందుకని ఆ చరణాన్ని 1929 పాటకో 1930 పాటకో కుదిరేలా రాసుకోండి, రెండు దేశాల్లోనూ ఎవర్నీ అడగక్కర్లేదు, ఆ తెలుగు మాటల మీద హక్కు కూడా మీదే. యూట్యూబ్ వీడియో చేస్తే అది కూడా ముందు ఆ పాటలకే చేయండి, ఎందుకంటే సెక్షన్ 115 ఆడియోకే, వీడియోకి రాదు.

అరేంజ్‌మెంట్ (ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలన్న కూర్పు) మాత్రం మీ బ్యాండ్ సొంతంగా కట్టాలి. ఎల్లా రికార్డులోని బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే వాయిద్యాల) లైన్లు నోటు నోటుకీ దింపొద్దు, అవి బడ్డీ బ్రెగ్‌మన్ రాసినవి, ఆయన పోయింది 2017లో. ఆ రికార్డులోంచి రెండు సెకన్ల ముక్క కూడా కట్ చేసి పెట్టుకోవద్దు, అమెరికాలో ఆ సౌండ్ రికార్డింగ్ హక్కు 2066 దాకా ఉంది.