తీపి తెలియకపోతే షుగరు తగ్గినట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. మధుమేహానికి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు. బంధువులొకరు తెచ్చిచ్చిన పొడపత్రి పొడిని ఈ మధ్య రెండు పూటలా చెంచాడు చొప్పున మజ్జిగలో కలుపుకొని తాగుతున్నారు. ఆ ఆకు నమిలితే చక్కెర తియ్యగా ఉండటం లేదు కనుక ఒంట్లో షుగరు కూడా తగ్గినట్టేనని, ఇక మాత్రలు మానేస్తానని అంటున్నారు. మానవచ్చా?
– ఒక పాఠకురాలు, సిద్ధవటం, కడప జిల్లా

జవాబు: మానకూడదు. పొడపత్రి నమిలాక చక్కెర నోట్లో ఇసుకలా తోచడం నిజమే కానీ, ఆ మార్పు నాలుకకు సంబంధించినదే తప్ప రక్తానికి సంబంధించినది కాదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపిని గుర్తించే గ్రాహకాలను కొంతసేపు అడ్డుకుంటాయి; అరగంటో గంటో గడిచాక తీపి మళ్లీ తెలుస్తుంది. తెచ్చింది పొడపత్రేనా అని చూసుకోవడానికి ఈ పరీక్ష పనికొస్తుంది గాని, రక్తంలో చక్కెర ఎంతుందో చెప్పడానికి పనికిరాదు.

అలాగని ఈ తీగకు గుణమే లేదనడం లేదు. మధునాశిని అన్న పేరుతో ఆయుర్వేద వైద్యులు దీన్ని ఎంతోకాలంగా వాడుతున్నారు. మాత్రలకు తోడుగా ఆకు సారం ఇచ్చిన కొన్ని చిన్న అధ్యయనాల్లో చక్కెర కొంత తగ్గినట్టు కనిపించింది కూడా. నాకు భయం కలిగిస్తున్నది ఆ గుణమే. గ్లిమిపిరైడ్ ఒంటరిగానే చక్కెరను అవసరానికి మించి దించగల మందు. దానికి పొడపత్రి తోడైన రోజున భోజనం ఆలస్యమైతే, చక్కెర 70 మిల్లీగ్రాముల కిందికి పడిపోయి చెమటలు, వణుకు, తికమక మొదలుకావచ్చు. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించండి. ఆకు తిన్న నోటికి తియ్యగా లేదని ఆయన ఆ నీళ్లు ఉమ్మేయకుండా చూడండి. నాలుకకు తెలియకపోయినా ఆ చక్కెర రక్తంలో చేరి పని చేస్తుంది. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పొడి వాడుతున్న సంగతి వైద్యుడికి దాచకుండా చెప్పి, అంతవరకు దాన్ని ఆపించండి. శస్త్రచికిత్స ఉంటే రెండు వారాల ముందే మానాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా కాలేయ పరీక్ష చేయించాలి. అరుదుగానైనా అటువంటి హాని నమోదైంది. పల్లెల్లో కొందరు ఈ తీగ వేరును పాముకాటుకు నూరి పెడతారు. విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే సూదిమందే కాబట్టి, వేరు కోసం వెదుకుతూ సమయం పోగొట్టుకోవద్దు.