మూడు టన్నుల ట్రైలర్‌కి సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్

కొనాలనుకుంటున్న బండి 3,500 కిలోలు లాగుతుందని రాసి ఉంది కదా, మూడు టన్నుల ట్రైలర్‌కి సరిపోతుందా అని అడిగారు. ఆ ఒక్క అంకె చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. ట్రైలర్ బరువులో దాదాపు పదో వంతు, అంటే 300 కిలోలు, బండి వెనక ట్రైలర్ తగిలించే హుక్ మీదే పడుతుంది, అది బండి మోయగల బరువులోంచే పోతుంది కాబట్టి ఇంటిల్లిపాదీ సామానుతో ఎక్కేసరికి పరిమితి దాటే బండ్లు చాలానే ఉన్నాయి. బండీ ట్రైలరూ కలిపి ఎంత బరువుండొచ్చో కూడా మాన్యువల్‌లో చూడండి. ల్యాడర్ ఫ్రేమ్ (బాడీ కింద నిచ్చెనలా ఉండే విడి ఉక్కు చట్రం) ఉన్నదైతేనే నా ఓటు.

ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ ఆయిల్ ముఖ్యం. నల్లబడి మాడు వాసన కొడితే, ఇంజిన్ ఎంత బాగున్నా వదిలేయండి. టార్చ్ వేసుకుని కిందికి దూరి హుక్ బిగించిన చోట చూడండి, పగుళ్లు, మళ్లీ వెల్డింగ్ చేసిన గుర్తులు, అక్కడ మాత్రమే కొత్తగా కొట్టిన పెయింట్ (అమ్మేవాళ్ల తెలివి!) కనిపిస్తే బేరం కూడా ఆడొద్దు. లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగడానికి వేసే ఫోర్ వీల్ గేరు) పడుతోందో లేదో మట్టి నేల మీద వేసి చూడండి, పొడి తారు రోడ్డు మీద కాదు.