పెళ్లి ఫొటోలు చూసి ఉద్యోగం ఆపేశారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాదాపూర్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లుగా హెచ్‌ఆర్‌గా చేస్తున్నాను. ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ చూసి రిపోర్ట్ ఇవ్వమని మా డైరెక్టర్ గారు చెప్పారు. పోయిన వారం ఒకమ్మాయి అన్ని రౌండ్లూ బాగా చేసింది. ఈ మధ్యే పెళ్లయినట్టు ఇన్‌స్టాలో ఫొటోలున్నాయని రాశాను. "ఏడాది తిరక్కుండా మెటర్నిటీ లీవ్ అంటుంది" అని ఆమెను పక్కన పెట్టేశారు. ఇంకోపక్క మా ఉద్యోగి ఒకతను శని, ఆదివారాలు కూడా పని చేయిస్తున్నారని లింక్డ్‌ఇన్‌లో పోస్ట్ పెడితే, అతన్ని తీసేయమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయను?
– ఓ సోదరి, కూకట్‌పల్లి

జవాబు: మీరు రాసింది అబద్ధం కాదు, కానీ ఆ ఉద్యోగానికి అక్కర్లేని విషయం. సోషల్ మీడియాతో హెచ్‌ఆర్ వాళ్లకు వచ్చిపడ్డ అసలు చిక్కు ఇదేనమ్మా, ఒకసారి కంటపడ్డాక చూడనట్టు ఉండటం ఎవరి వల్లా కాదు. కులం, మతం, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇవేవీ ఇంటర్వ్యూలో అడగం. ఫేస్‌బుక్ తెరిస్తే మాత్రం ఐదు నిమిషాల్లో తెలిసిపోతాయి, మన దగ్గరైతే ఇంటిపేరు, సొంతూరు, పండక్కి దిగిన ఫొటో చాలు.

నేనూ ఈ తప్పు చేశాను. గచ్చిబౌలిలో పనిచేసే రోజుల్లో, ఒక అకౌంట్ నిండా బూతులు చూసి ఓ కుర్రాణ్ణి వద్దన్నాను. నెల తర్వాత తెలిసింది, అది అదే పేరుతో అదే కాలేజీలో చదివిన వేరే అబ్బాయిదని. ఫోన్ చేసి క్షమించమని అడిగాను, కానీ అప్పటికే ఆ సీట్లో ఇంకొకరు చేరిపోయారు. ఆ తర్వాత ఎవరి ప్రొఫైల్‌లో ఏం కనిపించినా, ముందు వాళ్లనే అడగకుండా నిర్ణయం తీసుకోలేదు.

అందరికీ కనిపించేలా వాళ్లే పెట్టుకున్నారు కదా, చూస్తే తప్పేంటని మీ డైరెక్టర్ గారు అనొచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టిన సమాచారానికి వర్తించదు, ఆ మాట నిజమే. కానీ చూడటం వేరు, చూసినదాన్ని పట్టుకుని ఉద్యోగం కాదనడం వేరు. 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలు, ఈఎస్ఐ లేనివాళ్లకు ఆ జీతం కంపెనీయే ఇవ్వాలి కాబట్టి చిన్న కంపెనీ భయం నాకూ అర్థమవుతుంది. అయితే కొత్తగా పెళ్లయిన అబ్బాయి విషయంలో ఈ లెక్క ఎప్పుడైనా వేశారా అని ఆయన్ని సూటిగా అడగండి.

ఇకమీదట ఒక పద్ధతి పెట్టమని మెయిల్‌లో రాయండి, నోటిమాటగా వద్దు. షార్ట్‌లిస్ట్ అయ్యేదాకా ఎవరి ఫేస్‌బుక్, ఇన్‌స్టా తెరవకూడదు. రెజ్యూమెలో రాసిన అనుభవాన్ని సరిచూసుకోవాలంటే లింక్డ్‌ఇన్ చాలు, మిగతాది అభ్యర్థికి చెప్పి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి ఇవ్వండి. లాక్ చేసిన ప్రొఫైల్‌లోకి వేరే పేరుతో ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టి దూరమంటే, ఎవరు చెప్పినా సరే, చేయకండి.

ఆ లింక్డ్‌ఇన్ కుర్రాడి విషయంలో తొందరపడనివ్వకండి. క్లయింట్ పేరో, కోడో బయటపెడితే అది వేరే సంగతి, నోటీసిచ్చి వివరణ అడగాలి. పని ఎక్కువైందని మాత్రమే రాస్తే అది ఫిర్యాదు, బహుశా మీ దగ్గరికి వచ్చి చెప్పుకునే దారి లేకే అక్కడ రాసి ఉంటాడు. పోస్ట్ డిలీట్ చేయమనడానికి ముందు ఆ టీమ్ రెండు నెలల హాజరు తీసి చూడండి. అతన్ని తీసేస్తే ఆ స్క్రీన్‌షాట్ సాయంత్రానికల్లా అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది, ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని కంపెనీ రివ్యూలు చదివే పిల్లలు మీ దగ్గర చేరడానికి వెనకాడతారు. ఉద్యోగులు ఏం పోస్ట్ చేయొచ్చో, ఏం చేయకూడదో చెప్పే రాతపూర్వక నియమాలు మీ కంపెనీలో ఉన్నాయా? లేకపోతే ఏ నియమం తప్పాడని శిక్షిస్తారు?

ఆ అమ్మాయి పోస్టు ఇంకా ఖాళీగానే ఉంటే, ఇంటర్వ్యూ మార్కులు మాత్రమే ఉన్న కొత్త రిపోర్ట్ తయారుచేసి రేపు ఉదయమే డైరెక్టర్ గారి టేబుల్ మీద పెట్టండి. ఆయన ఒప్పుకుంటే ఆమెకు ఫోన్ మీరే చేయండి.