ఆ ఉత్తరంలో ‘కేరర్’ అంటే మీరేనమ్మా

ప్రశ్న: మా అత్తగారికి 79 ఏళ్లు. మామగారి ఉద్యోగం వల్ల ఇంగ్లండ్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, ఇక్కడి పౌరసత్వం ఉంది. ఆయన పోయాక మా దగ్గరే ఉంటున్నారు. జనవరిలో పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో ‘డీ2ఏ, పీ1’, ‘పీఓసీ టీడీఎస్’, ‘ఓటీ రిఫరల్’, ‘సీహెచ్‌సీ చెక్‌లిస్ట్ నెగెటివ్’, ‘డీఎన్‌ఏసీపీఆర్’ అని ఉన్నాయి. టీడీఎస్ అంటే ఇండియాలో కోసుకునే పన్ను కదా, ఇక్కడ ఆవిడ పెన్షన్‌లో కోస్తారా? డబ్బు వివరాలు కూడా అడుగుతున్నారు. ఇంటి మీదకి వస్తుందేమోనని మావారి భయం. సోషల్ వర్కర్ ఫోన్ చేసి నన్ను ‘కేరర్స్ అసెస్‌మెంట్’కి ఒప్పుకోమన్నారు. మా మనిషిని మేం చూసుకుంటుంటే మళ్లీ మాకు పరీక్ష ఏమిటని కోపం వచ్చి వద్దన్నాను. తప్పు చేశానా?
– ఒక కోడలు, లెస్టర్

జవాబు: ముందు టీడీఎస్ సంగతి. అది పన్ను కాదమ్మా. మందుల చీటీ మీద డాక్టర్లు బీడీ, టీడీఎస్ అని రాస్తారు చూడండి, అదే ఇది. రోజుకి మూడుసార్లు అని. పీఓసీ అంటే ప్యాకేజ్ ఆఫ్ కేర్. రెండూ కలిపి చదివితే, జీతానికి పనిచేసే మనిషి రోజుకి మూడుసార్లు ఇంటికొచ్చి అత్తగారికి సాయం చేసి వెళ్తారని అర్థం. డీ2ఏ అంటే డిశ్చార్జ్ టు అసెస్. ముందు ఇంటికి పంపి, ఎంత సాయం కావాలో ఇంట్లో చూసి తేల్చడం. పీ1 అంటే పాత్‌వే 1, అంటే సొంతింటికే, సాయంతో. మళ్లీ తన పనులు తాను చేసుకునేలా నిలబెట్టడానికి ఇచ్చే ఇలాంటి సాయాన్ని రీఏబుల్‌మెంట్ అంటారు. అదయితే ఆరు వారాల వరకు డబ్బు తీసుకోరు. మీకు వస్తున్నది అదేనా అని సోషల్ వర్కర్‌ని సూటిగా అడగండి.

ఇక మీ కోపం గురించి. నేను పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లండ్‌లో సోషల్ వర్కర్‌ని. మనవాళ్ల ఇళ్లలో నేను విన్న మాటల్లో ఎక్కువ నష్టం చేసినవి ఈ రెండే: అసెస్‌మెంట్, కేరర్. ‘అసెస్‌మెంట్’ అనగానే మనకి పరీక్ష, మార్కులు, పాస్, ఫెయిల్ గుర్తొస్తాయి. ‘కేరర్’ అంటే యూనిఫాం వేసుకుని వచ్చే మనిషి అనుకుంటాం. నిజానికి 2014 నాటి కేర్ యాక్ట్‌లో కేరర్ అంటే జీతం లేకుండా మరో పెద్ద మనిషిని చూసుకునేవాళ్లు. అంటే మీరే. వచ్చి వెళ్లే ఉద్యోగిని కేర్ వర్కర్ అంటారు. వాడుకలో అందరినీ కేరర్ అనే పిలుస్తారు కాబట్టే ఈ గందరగోళం.

కేరర్స్ అసెస్‌మెంట్‌లో మీరు అత్తగారిని బాగా చూస్తున్నారా లేదా అని ఎవరూ తూకం వేయరు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఆవిడని లేవదీసేటప్పుడు మీ నడుం ఎలా ఉంటోంది, ఉద్యోగం సాగుతోందా, ఈ పని ఇలాగే చేయగలరా, అసలు చేయాలని ఉందా అని అడుగుతారు. ఆ చివరి ప్రశ్న మన కోడళ్లని ఎవరూ అడగరు. నేను అడిగినప్పుడు ఒకావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టారు. తర్వాత మెల్లిగా “చేయాలనే ఉందండీ, కానీ ఒక్క రాత్రి నిద్రపోవాలని కూడా ఉంది” అన్నారు. అలా చెప్పడం తప్పు కాదు. ఆ మాట కాగితం మీద పడితేనే వారంలో కొన్ని గంటలు వేరే మనిషి వచ్చి కూర్చునే ఏర్పాటో, మీకు విరామం దొరికే ఇంకో దారో ఆలోచిస్తారు. అత్తగారు తనకి ఏ అసెస్‌మెంటూ వద్దన్నా సరే, మీది అడిగే హక్కు మీకు విడిగా ఉంది. వద్దన్నారని తలుపు మూసుకుపోలేదు. కౌన్సిల్‌లో అడల్ట్ సోషల్ కేర్ విభాగానికి ఫోన్ చేసి “నాకు కేరర్స్ అసెస్‌మెంట్ కావాలి” అనండి, చాలు.

అత్తగారి అసెస్‌మెంట్ కూడా ముందుంది. దాన్ని నీడ్స్ అసెస్‌మెంట్ అంటారు, ఖర్చేమీ ఉండదు. తినడం, స్నానం, టాయిలెట్‌కి వెళ్లడం, బట్టలు కట్టుకోవడం, ఇంట్లో ప్రమాదం లేకుండా తిరగడం, నలుగురితో సంబంధాలు, ఇలా పది విషయాలు చూస్తారు. జబ్బు వల్లనో వైకల్యం వల్లనో వాటిలో కనీసం రెండు చేసుకోలేకపోయి, దానివల్ల జీవితం బాగా దెబ్బతింటుంటే అర్హత ఉన్నట్టు. అయితే ‘చేసుకోలేకపోవడం’ అన్న మాటకి చట్టంలో అర్థం మనం అనుకునే దానికంటే విశాలం. ఎలాగోలా చేసుకున్నా, దానికి బాగా నొప్పి ఓర్చుకోవాల్సి వస్తే, పడిపోయే ప్రమాదం ఉంటే, మామూలుకంటే మరీ ఎక్కువసేపు పడితే, అది కూడా చేసుకోలేకపోవడం కిందే లెక్క.

ఇది మా అమ్మ విషయంలో నాకు తగిలిన దెబ్బ. అసెస్‌మెంట్‌కి ఒకామె వచ్చారు. అమ్మకి ఇంగ్లిష్ రాదు, నేనే తెలుగులోకి మార్చి చెప్పాను. “స్నానం మీరే చేస్తారా?” అంటే అమ్మ, “నా స్నానం నేనే చేసుకుంటానమ్మా, ఒకరి చేత చేయించుకునే ఖర్మ నాకేం?” అంది. అది ఆత్మాభిమానంతో అన్న మాట. నేను అలాగే చెప్పాను. ఫారంలో ‘ఇండిపెండెంట్’ అని పడింది. అమ్మ షవర్ వాడదు. బాత్‌టబ్‌లో ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని, బకెట్‌లో నీళ్లు పట్టుకుని, మగ్గుతో పోసుకుంటుంది. టబ్ అంచు దాటడానికి గోడ పట్టుకుని ఒక కాలు, ఆగి, రెండో కాలు. ముప్పావుగంట పట్టేది. నేను తలుపు బయట నిలబడి నీళ్ల చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఇవేవీ నేను చెప్పలేదు. రెండు వారాలకి ఆ అంచు దగ్గరే పడింది.

తర్వాత ఓటీ వచ్చారు. ఓటీ అంటే మనకి ఆపరేషన్ థియేటర్ గానీ, ఇక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్ట్. రోజువారీ పనులు మనిషి ఎలా చేసుకుంటున్నారో చూసి, మనిషికి తగ్గట్టు ఇంటిని, వస్తువులని అమర్చే నిపుణులు. ఆమె బాత్‌రూమ్ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని టేపుతో టబ్ అంచు ఎత్తు కొలిచారు. స్టూల్‌ని చేత్తో కదిపి చూశారు, జారింది. “మగ్గు అలాగే ఉండనివ్వండి, స్టూల్ మార్చేద్దాం” అన్నారు. టబ్ మీద అడ్డంగా బిగించే బాత్ బోర్డ్ ఇచ్చి, గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించారు. అర్హత ఉంటే ఇలాంటి పరికరాలకీ, వెయ్యి పౌండ్ల లోపు చిన్న మార్పులకీ డబ్బు కట్టక్కర్లేదు. అందుకే ఓటీ వచ్చే రోజు అత్తగారి చేత మంచి చీర కట్టించి హాల్లో కూర్చోబెట్టకండి. ఆవిడ ఎలా లేస్తారో, ఎక్కడ ఆగిపోతారో చూడనివ్వండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగండి. అత్తగారు కోడలి నోటితో చెప్పించలేని విషయాలు కొన్ని ఉంటాయి.

సీహెచ్‌సీ అంటే ఎన్‌హెచ్‌ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్. ఎన్‌హెచ్‌ఎస్ అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ. మనిషి అవసరం ప్రధానంగా ఆరోగ్యానికి సంబంధించినదని తేలితే మొత్తం ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్‌దే, ఆస్తి చూడరు. చెక్‌లిస్ట్ దానికి మొదటి గడప. నెగెటివ్ అంటే ప్రస్తుతానికి పూర్తి పరిశీలన అక్కర్లేదనుకున్నారని అర్థం. పరిస్థితి దిగజారితే మళ్లీ అడగవచ్చు.

డీఎన్‌ఏసీపీఆర్ చూసి మీరు కుంగిపోయి ఉంటారు. గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్లీ కొట్టుకునేలా చేసే ప్రయత్నం వద్దని డాక్టర్లు రాసుకునే మాట అది. అంతవరకే. యాంటీబయాటిక్స్, ఆహారం, నొప్పికి మందు, ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఇవేవీ దానివల్ల ఆగవు, ఆగకూడదు. అత్తగారితో మాట్లాడారా, ఆవిడకి అర్థమయ్యే స్థితి లేకపోతే మీతో మాట్లాడారా? లేదంటే జీపీ, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికెళ్లి, ఎందుకు పెట్టారో కూర్చుని చెప్పమనండి, రెండో డాక్టర్ అభిప్రాయం కూడా అడగవచ్చు. ఇంత పెద్ద మాట ఎవరూ విడమరిచి చెప్పకుండా కవర్‌లో పెట్టి ఇవ్వడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇంటి గురించి మీవారికి ఇలా చెప్పండి: ఆవిడ ఇంట్లోనే ఉండి సాయం తీసుకుంటున్నంతకాలం ఉంటున్న ఇంటి విలువ లెక్కలోకి రాదు. ఫైనాన్షియల్ అసెస్‌మెంట్‌లో చూసేది అత్తగారి డబ్బే, మీ జీతాలు కాదు. ఇంగ్లండ్‌లో ఆవిడ పేరున పొదుపు 23,250 పౌండ్లు దాటితే సాధారణంగా ఖర్చు ఆవిడే పెట్టుకోవాలి. 14,250 లోపు ఉంటే ఆ పొదుపుని ముట్టుకోరు. కేర్ హోమ్‌కి శాశ్వతంగా మారితే ఇంటి లెక్క వేరు, అప్పుడు మళ్లీ రాయండి.

ప్రశ్న: నాన్నకి మతిమరుపు మొదలైంది. ఆసుపత్రి కాగితాల్లో ‘ఎన్‌ఓకే’ అని నా పేరే ఉంది. పెద్దకొడుకుని. అయినా బ్యాంకువాళ్లు నా మాట వినడం లేదు. ‘ఎల్‌పీఏ ఉందా’ అంటున్నారు.
– ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: ఎన్‌ఓకే అంటే నెక్స్ట్ ఆఫ్ కిన్. ఏదైనా అయితే ముందు ఎవరికి ఫోన్ చేయాలో చెప్పేది మాత్రమే. దానితో మీకు ఏ అధికారమూ రాదు బాబూ. ఎల్‌పీఏ అంటే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారాన్ని మరొకరికి రాసిచ్చే పత్రం. డబ్బు, ఆస్తి వ్యవహారాలకి ఒకటి, ఆరోగ్యం, సంరక్షణకి ఒకటి, రెండూ వేర్వేరు. దాన్ని నాన్నగారే, తను ఏం చేస్తున్నదీ తెలిసిన స్థితిలో రాయాలి. మతిమరుపు మొదలైందన్నంత మాత్రాన ఆ స్థితి పోయినట్టు కాదు. 2005 నాటి మెంటల్ కెపాసిటీ యాక్ట్ ప్రకారం లేదని తేలేవరకు ఉన్నట్టే లెక్క. అది కూడా ఏ నిర్ణయానికి ఆ నిర్ణయం విడిగా చూస్తారు. ఆలస్యం చేసి ఆ స్థితి దాటిపోతే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ దాకా వెళ్లాలి, ఖర్చూ ఎక్కువ, సమయమూ ఎక్కువ. ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఆఫీస్ ఆఫ్ ది పబ్లిక్ గార్డియన్‌లో రిజిస్టర్ అయితేనే అది చెల్లుతుంది. సంతకాల సమయంలో సర్టిఫికెట్ ప్రొవైడర్ అని కుటుంబానికి చెందని ఒకరు నాన్నగారితో విడిగా మాట్లాడతారు. మీరు పక్క గదిలో కూర్చోండి. అది మీ మీద అనుమానంతో కాదు, ఆయన మాట ఆయన నోటి నుంచే వినడానికి.