కాక్లియర్ ఇంప్లాంట్: సరిహద్దు ఊళ్ల తల్లిదండ్రుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలవే. కాక్లియర్ ఇంప్లాంట్ అంటే చెవి బొత్తిగా వినపడని వారికి ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం; బయట తగిలించుకునే మిషన్ దానికి శబ్దం అందిస్తుంది. వినికిడి, మాట శిక్షణ నిపుణుల జవాబులు ఇవి.

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. పిలిస్తే తిరిగి చూడదు. విశాఖపట్నంలో బెరా (శబ్దానికి శ్రవణ నాడి, మెదడు స్పందిస్తున్నాయో చూసే పరీక్ష) చేసి, రెండు చెవులకూ 90 డెసిబెల్స్ దగ్గర కూడా స్పందన లేదన్నారు. మా అత్తగారేమో "మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమే, మూడేళ్లు రానీ" అంటున్నారు. ఆగవచ్చా?
(ఒక తల్లి, పర్లాకిమిడి)

జవాబు: ఆగకండమ్మా. మాట ఆలస్యం కావడం వేరు, చప్పుడే అందకపోవడం వేరు. మీ అత్తగారింటి పిల్లలు మాట ఎప్పుడు నేర్చినా, వెనకాల గిన్నె పడితే ఉలిక్కిపడే ఉంటారు. మీ పాపకు ఆ చప్పుడు చేరడం లేదు. మెదడులో వినికిడి భాగం మొదటి మూడేళ్లలో శబ్దం అందితేనే మాటను పట్టుకునేలా తయారవుతుంది. ఆ వయసు దాటాక అదే ఆపరేషన్, అదే మిషన్ పెట్టినా ఫలితం తగ్గుతూ పోతుంది.

ముందు రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టించి కనీసం 3 నెలలు వాడండి. ఇంత లోపం ఉంటే వాటితో మాట స్పష్టంగా అందడం అరుదు, అయినా చెవి మీద మిషన్ ఉంచుకోవడం పాపకు అలవాటవుతుంది. ఈలోగా స్కాన్లు చేయించండి. లోపలి చెవి ఎముక ఆకారం సీటీలో తెలుస్తుంది, శ్రవణ నాడి ఉందో లేదో ఎమ్మారైలో తెలుస్తుంది. ఆ నాడే లేకపోతే ఇంప్లాంట్ పని చేయదు, కాబట్టి ఎమ్మారై అక్కర్లేదంటే ఒప్పుకోకండి. న్యూమోకాకల్, హిబ్ టీకాలు ఆపరేషన్‌కు కనీసం 2 వారాల ముందే పూర్తి కావాలి. ఇంప్లాంట్ ఉన్న పిల్లల్లో మెదడు పొరల వాపు వచ్చే ముప్పు కొంచెం ఎక్కువ, ఆ టీకాలు అందుకే. పుట్టు వెంట్రుకల మొక్కు ఉంటే అది కూడా ముందే తీర్చేయండి. ఆ తర్వాతైతే చెవి వెనుక ఉబ్బు మీద కత్తి ఆడించాల్సి వస్తుంది.

ఆపరేషన్ అయిన 3, 4 వారాలకు బయటి మిషన్ తగిలించి 'స్విచ్ ఆన్' చేస్తారు. ఆ రోజు పాప ఏడవవచ్చు, అసలేమీ పట్టనట్టు ఉండనూవచ్చు. రెండూ మామూలే. పాప వినికిడి వయసు ఆ రోజు నుంచే లెక్క.

ప్రశ్న: మేం గుణుపురంలో ఉంటాం. రేషన్ కార్డు ఇక్కడిదే. బాబును మా తమ్ముడి కార్డులో చేర్పించి ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేయించమంటున్నారు. కుదురుతుందా?

జవాబు: ఆ పని చేయకండి. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఆంధ్రప్రదేశ్ నివాసులకే. ఆధార్ ఒక చోట, కార్డు ఒక చోట ఉన్నట్టు తేలితే ఫైలు మధ్యలో ఆగుతుంది, బాబు విలువైన నెలలు పోతాయి. మీకు దారులు రెండున్నాయి. ఒకటి రాయగడ జిల్లా ఆసుపత్రిలో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య తనిఖీల ప్రభుత్వ పథకం) కింద ఉండే డీఈఐసీ, అంటే బాల్యారంభ చికిత్సా కేంద్రం. పుట్టుచెవుడు ఆ పథకం జాబితాలోనే ఉంది, పెద్ద ఆసుపత్రికి అక్కడి నుంచే రాయించుకోండి. రెండోది వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం వారి అడిప్ పథకం. దీనికి రాష్ట్రంతో పని లేదు. ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. పుట్టుకతో వినపడని పిల్లలకు వయసు 5 ఏళ్లు దాటకూడదు. కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంది, అది మారుతుంటుంది కనుక కొత్త ఫారం చూసి నింపండి. రెండింటికీ ఒకేసారి ప్రయత్నించండి. వికలాంగ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, బెరా రిపోర్టు మూడేసి జిరాక్సులు దగ్గర పెట్టుకోండి.

ఒక్క మాట. పథకంలో ఆపరేషన్ ఉచితమైనా ఖర్చు అక్కడితో ఆగదు. వైర్లు, బ్యాటరీలు, వారంటీ తీరాక బయటి మిషన్ మరమ్మతు చాలాసార్లు మీ మీదే పడతాయి. ఏ విడిభాగం ఎంతో, ఏ ఊళ్లో దొరుకుతుందో సంతకం పెట్టే ముందే అడిగి రాసుకోండి.

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. థెరపీ చెప్పే ఆవిడకు తెలుగు రాదు. ఇంట్లో కూడా ఒడియానే మాట్లాడమన్నారు. నాకు ఒడియా అంతంతమాత్రం. బాబుకు రెండున్నరేళ్లు, స్విచ్ ఆన్ అయి ఆరు నెలలు.

జవాబు: మీరు తెలుగే మాట్లాడండి. కోప్పడినా, ముద్దు చేసినా, కథ చెప్పినా మీకు తడుముకోకుండా వచ్చే భాషే బాబుకు కావాలి. రాని ఒడియాలో మీరు "రా, తిను, వద్దు" దగ్గరే ఆగిపోతారు. అదే తెలుగులో "అన్నం వేడిగా ఉంది, ఊదుకుని తిను నాన్నా" అంటారు. బాబు చెవికి చేరవలసింది అలాంటి నిండు వాక్యం. తెలుగులో వాక్యాలు కుదురుకున్నాక ఒడియా వీధిలో, బడిలో దానంతటదే వస్తుంది. ఒడియా బాగా వచ్చినవాళ్లు బాబుతో ఒడియాలో మాట్లాడితే మాత్రం ఏ నష్టమూ లేదు.

థెరపీ మానకండి. ఆవిడ నేర్పేది వినే మెట్లు, వాటికి భాషతో నిమిత్తం లేదు. ఈ వారం లక్ష్యం ఏమిటో అడిగి తెలుసుకుని, ఇంట్లో తెలుగు మాటలతో అదే చేయండి. మొదట పొడవులో తేడా ఉన్న మాటలు: 'పూలు', 'కొబ్బరికాయ'. రెండూ ఎదురుగా పెట్టి, మీరు పక్కన కూర్చుని, నోరు కనపడకుండా పేరు చెప్పి అడగండి. అది వచ్చాక అచ్చు మార్చండి: 'పాలు', 'పూలు'. హల్లు ఒక్కటే మారే 'కాలు', 'పాలు' చివరికి. తెలుగులో అసలు కష్టం మాట చివర ఉంటుంది. "డబ్బాలో పెట్టు", "డబ్బా మీద పెట్టు" అన్నప్పుడు ఆ 'లో' మెత్తగా జారిపోతుంది, పిల్లలు దాన్ని వదిలేస్తారు. ఆ ఒక్క అక్షరాన్ని కాస్త సాగదీసి చెప్పండి. అరవకండి, అరిస్తే మాట ఆకారమే చెడిపోతుంది.

ఇంకొకటి: ముందు వినిపించండి, తర్వాత చూపించండి. కుక్కర్ ఈల వేయగానే మీ చెవి మీద వేలు పెట్టి "విన్నావా?" అనండి, బాబు వెతికాక కుక్కర్ చూపండి. మెలకువగా ఉన్నంతసేపూ మిషన్ తల మీదే ఉండాలి. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నాడో మిషన్‌లోనే నమోదవుతుంది. మ్యాపింగ్‌కు (మిషన్ శబ్ద స్థాయిలు సరిచేయించడానికి) వెళ్లినప్పుడు ఆ లెక్క చూపించమనండి. 10 గంటలకు తగ్గితే ముందు దాని సంగతి చూడాలి.

ప్రశ్న: వానాకాలం వస్తే పాప మిషన్ కాసేపు పని చేస్తుంది, కాసేపు ఆగుతుంది. సర్వీసుకు పంపితే వారాలు పడుతోంది. ఇంట్లో ఏమైనా చూసుకోగలమా? (ఛత్రపురం)

జవాబు: చాలావరకు చూసుకోవచ్చు. సముద్రపు గాలి, చెమట, తలనూనె ఈ మూడూ మిషన్‌కు శత్రువులు.

ముందు వైరు అనుమానించండి. ఎక్కువగా పోయేది తల మీద అయస్కాంతంతో అతుక్కునే కాయిల్‌కూ మిషన్‌కూ మధ్య ఉండే సన్నని వైరే. పిన్ను దగ్గర మెలిపడి లోపల తెగుతుంది, పైకి కనపడదు. అందుకే వైరు ఎప్పుడూ ఒకటి అదనంగా ఉండాలి. ఒకసారి ఒక్క భాగమే మార్చి చూడండి: మొదట బ్యాటరీ, తర్వాత వైరు, తర్వాత కాయిల్. అన్నీ కలిపి మారిస్తే తప్పెక్కడో తెలియదు. జింక్ బ్యాటరీలైతే ఇంప్లాంట్ కోసం ప్రత్యేకంగా చేసిన 675 రకమే వాడండి. మామూలు వినికిడి మిషన్ల 675 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ అంత కరెంటు ఇవ్వలేదు. స్టిక్కర్ పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు వేయండి.

రాత్రి పడుకునే ముందు పొడి గుడ్డతో తుడిచి, జింక్ బ్యాటరీ తీసి, సిలికా గుళికలున్న గట్టి మూత డబ్బాలో మిషన్ పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే మార్చేయాలి. బియ్యం డబ్బాలో పెట్టడం వద్దు, తవుడు మైకు రంధ్రాల్లో చేరుతుంది. తలనూనె, పౌడరు రాయడం ముందు, మిషన్ తగిలించడం తర్వాత.

పొద్దున్నే ఆరు ధ్వనుల పరీక్ష చేయండి. పాప వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ ఒక్కొక్కటే మామూలు గొంతుతో అనండి. వినగానే పాప డబ్బాలో ఒక గింజ వేయాలి. ఒకే వరసలో, ఒకే వేగంతో అనకండి, పాప లెక్క పట్టేస్తుంది. నిన్నటిదాకా విన్న 'స్', 'ష్' ఇవాళ పోయి 'ఆ', 'ఊ' మిగిలితే మైకులో తేమ, మురికి చేరాయని ముందు అనుమానించండి, మైకు మూత మార్చి చూడండి. ఆరూ పోతే భాగాలు మార్చి చూడండి. అన్నీ మార్చినా లేకపోతే ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లండి, లోపలి భాగాన్ని కంప్యూటర్‌తో పరీక్షిస్తారు. కాయిల్ కింద చర్మం ఎర్రబడితే మిషన్ తీసేసి చూపించండి, అయస్కాంతం బలం తగ్గించాలి. జ్వరంతో పాటు వాంతులు, మెడ బిగుసుకోవడం ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి.

ప్రశ్న: మాది మేనరికం. పెద్దబాబుకు పుట్టుచెవుడు. మళ్లీ నెల తప్పింది. ఈ బిడ్డకూ వస్తుందా? (రాయగడ)

జవాబు: రావచ్చు, రాకపోవచ్చు. తరచుగా కనిపించే రకంలో అమ్మానాన్నలిద్దరి దగ్గరా లోపమున్న జన్యువు ఒక్కో ప్రతి ఉంటుంది, ఇద్దరికీ బాగానే వినిపిస్తుంది. అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఇద్దరి దగ్గరా అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది కానీ బయటి సంబంధాల్లోనూ వస్తుంది, తల్లి వైపు తప్పేమీ లేదు. పెద్దబాబుకు ముందుగా రక్తంలో జన్యు పరీక్ష చేయించండి, కారణం అందులో దొరికితేనే మిగతా పరీక్షలకు అర్థం. బిడ్డ పుట్టాక నెలలోపు ఓఏఈ, అంటే లోపలి చెవి స్పందన చూసే పరీక్ష, చేయించండి. అది పాసైనా మీ ఇంటి బిడ్డకు అంతటితో వదలకూడదు, 3 నెలలలోపు బెరా కూడా చేయించండి.