చీకటి పడకముందే బస చేరుకోండి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఏప్రిల్ సెలవుల్లో మీ అమ్మానాన్నల్నీ, అదే మా అక్కనీ బావనీ, నీ భార్యాపిల్లల్నీ తీసుకుని ఇక్కడ ఆస్ట్రేలియాలో సముద్రం అంచున పోయే గ్రేట్ ఓషన్ రోడ్డు చూసి, గ్రాంపియన్స్ కొండల మీదుగా రెండు రోజుల్లో మెల్‌బోర్న్ వచ్చేస్తామని మొన్న ఫోన్లో అన్నావు. అప్పటినుంచి నాకు అదే ఆలోచన. రెండు రోజులు చాలవు నాయనా, నాలుగు పెట్టుకో. అన్ని సెలవులు దొరకవంటావా, కొండలు ఈసారికి మానెయ్. సముద్రం ఒక్కటే తీరిగ్గా చూపించు.

మ్యాపులో దూరం తక్కువే కనిపిస్తుంది. ఆ రోడ్డు మొదలయ్యే టోర్కీ నుంచి చివరనున్న ఆలన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్లు, మన హైదరాబాద్-విజయవాడ కంటే తక్కువ. కానీ లోర్న్ దాటాక అపోలో బే వరకూ ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మలుపు మీద మలుపు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఏమీ తెలియదు, వెనక కూర్చున్నవాళ్ళకి కడుపులో తిప్పుతుంది. అక్కకి చిన్నప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు కూడా పడేది కాదు. ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి చేతికో నిమ్మకాయ ఇవ్వు. గంటకోసారి ఆపు. వెనక కార్లు పేరుకుపోతే కంగారుపడి స్పీడు పెంచకు, పక్కకి తీసుకునే చోట్లు వస్తూనే ఉంటాయి, అక్కడ దారి ఇచ్చెయ్. టోర్కీ వైపు నుంచి వెళ్తే సముద్రం ఎడమ పక్కనే ఉంటుంది కాబట్టి ఆగడం కూడా తేలిక.

మొదటి రోజు అపోలో బేలో పడుకోండి. దారిలో ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డుకి అడ్డంగా చెక్క దూలాల తోరణం వస్తుంది, అక్కడ బావని తప్పకుండా దింపు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, దాదాపు 3 వేల మంది, 1919లో మొదలుపెట్టి 1932 దాకా పలుగూ పారా పట్టుకుని ఆ కొండని తొలిచారు. చనిపోయిన తోటివాళ్ళ జ్ఞాపకార్థం వేసిన రోడ్డది. జీవితమంతా రోడ్ల ఇంజనీరుగా పనిచేసిన మనిషి, అక్కడ నిలబడితే ఆయనకి ఎలా ఉంటుందో ఊహించుకో.

అపోలో బేలో ట్యాంకు నింపుకో. అక్కణ్ణుంచి రోడ్డు ఆట్వే అడవిలోకి వెళ్తుంది, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచు.

ట్వెల్వ్ అపాసల్స్, అంటే సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు, చూసే దారి చదునుగా ఉంటుంది, అక్క మోకాళ్ళకి ఇబ్బంది లేదు. కిందికి ఒడ్డుకి దిగే గిబ్సన్ స్టెప్స్ మాత్రం 86 మెట్లు, అక్కడికి నువ్వూ మీ ఆవిడా పెద్దపిల్లా వెళ్ళిరండి. కంచె దాటి అంచు మీద ఫోటోలు దిగేవాళ్ళు కనిపిస్తారు, పిల్లలు వాళ్ళని చూసి నేర్చుకోకూడదు. అది మెత్తటి సున్నపురాయి. 2005లో ఒక స్తంభం మొత్తం కూలిపోయింది. అంతకుముందు 1990లో లండన్ బ్రిడ్జి అనే రాతి వంతెన విరిగిపడి, అవతల మిగిలిన ఇద్దర్ని హెలికాప్టర్‌తో తీసుకురావాల్సి వచ్చింది. అక్కడి నీళ్ళల్లో దిగొద్దు. స్నానం చెయ్యాలనుంటే లోర్న్ లాంటి చోట, లైఫ్‌గార్డులు పాతే ఎరుపు పసుపు జెండాల మధ్యలోనే. జెండాలు లేవంటే పాదాలు తడుపుకుని వచ్చెయ్యండి.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం చెప్తాను. చాలా ఏళ్ళ కిందట నేనూ నీలాగే ప్లాన్ వేశాను. వార్నంబూల్‌లో ఆలస్యమై, డంకెల్డ్ దాటేసరికి మసక చీకటి పడింది. గ్రాంపియన్స్ కొండల్లోని మా బస, హాల్స్ గ్యాప్ ఊరు, ఇంకా 60 కిలోమీటర్లుంది. గడ్డిలోంచి ఒక కంగారూ దూకింది. బ్రేకు తొక్కాను, అది దాటిపోయింది. అమ్మయ్య అనుకుని కాలు తీశానో లేదో, దాని వెనకే రెండోది. బంపర్ ఎడమ మూల తగిలింది. హెడ్‌లైటు పగిలి గాజు ముక్కలు రోడ్డంతా, వెనక సీట్లో మీ అత్త ఒళ్ళో పిల్ల ఏడుపు. ఆ జంతువు లేచి కుంటుతూ చెట్లలోకి పోయింది. స్టీరింగ్ పక్కకి తిప్పి ఉంటే చెట్టుకి కొట్టుకునేవాళ్ళం. ఇప్పటికీ ఆ చప్పుడు నా చెవుల్లో ఉంది.

అందుకే చెప్తున్నా. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, ఆ తర్వాత ఆరింటికల్లా పొద్దుగూకుతుంది. ఐదింటికి నువ్వు బస దగ్గర ఉండాలి. ఎప్పుడైనా కంగారూ అడ్డొస్తే బండిని నేరుగానే ఉంచి బ్రేకు వెయ్యి, పక్కకి తిప్పకు. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉంటుందనుకో. పొద్దున్న కూడా బాగా తెల్లవారాకే బయలుదేరు.

మీరు ఆరుగురు కాబట్టి కార్నివాల్ లాంటి పెద్ద బండే తీసుకో. మూడో వరసలో మనుషులు కూర్చుంటే సామానుకి చోటు తగ్గుతుంది, తలా ఒక చిన్న సంచే. చిన్నాడికి మూడేళ్ళు, వాడికి బెల్టులున్న పిల్లల సీటు తప్పనిసరి, ఏడుస్తున్నాడని ఒళ్ళోకి తీసుకోవద్దని అక్కకి ముందే చెప్పు. మా రోజుల్లో మేం చేసిన తప్పదే. అక్క బీపీ మాత్రలు డిక్కీలో కాదు, చేతిసంచిలో. అత్యవసరమైతే 000కి ఫోన్ చెయ్యి.

హోటల్ గది కంటే కారవాన్ పార్కులో కేబిన్ మేలు, వంటిల్లు ఉంటుంది. రైస్ కుక్కర్, పెరుగు, గోంగూర పచ్చడి ఉంటే రాత్రి భోజనానికి వెతుక్కోనక్కర్లేదు. చిన్న ఊళ్ళల్లో మధ్యాహ్నం దాటితే చాలా కెఫేల్లో వంట ఆపేస్తారు. గుడ్ ఫ్రైడే మీ ప్రయాణంలో పడితే పెద్ద సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, ముందురోజే కొనుక్కో. పార్కుల్లో కరెంటు బార్బెక్యూలుంటాయి, చాలాచోట్ల డబ్బులక్కర్లేదు, బటన్ నొక్కితే వేడెక్కుతుంది. పైన ఫాయిల్ పరిచి మొక్కజొన్న కంకులు కాల్చి పెట్టు, పిల్లలకి అపాసల్స్ కంటే అదే గుర్తుంటుంది.

మూడో రోజు హాల్స్ గ్యాప్ వెళ్తే, ఏ దారులు తెరిచారో పార్క్స్ విక్టోరియా వెబ్‌సైట్‌లో ముందే చూసుకో. నాలుగో రోజు బల్లారాట్ మీదుగా రా.

వెస్ట్‌గేట్ వంతెన దాటాక మా టార్నీట్ పెద్ద దూరం కాదు. బయలుదేరే మొదటి రోజు పొద్దున్న ఏడింటికి ఇంటికి రండి. మీ అత్త పులిహోర కలిపి ఉంచుతుంది. పెద్ద ఫ్లాస్కు నేను కడిగి పెడతాను.

మీ మామయ్య